మేక కొవ్వు సబ్బు

నురగ ఇంత తొందరగా లేస్తుందని ఐలేశ్ అనుకోలేదు. గిన్నెలో బ్రష్షును నాలుగు చుట్లు తిప్పాడో లేదో చిక్కటి మీగడలా పేరుకుంది, పైకెత్తితే కారడం లేదు, జారడం లేదు, ముప్పై ఎనిమిదేళ్లుగా ఎన్ని వేల గిన్నెలు కలిపిందో ఆ చెయ్యి, ఇట్లాంటిది ఒక్కటీ చూడలేదు, అయినా ఒప్పుకోబుద్ధి కావడం లేదు, ఒక సబ్బు ముద్దకు ఇంత పొగరు పనికిరాదు అనిపించింది. ఎదురుగా మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని అమర్‌సింగ్ కూర్చున్నాడు, కూర్చోబెట్టారు అనాలి, ముక్కులో గొట్టం, మంచం పక్కన గుర్రుమంటూ గాలి మిషిను, నెల రోజుల తెల్లగడ్డం చెంపల గుంటల్లోకి దిగబడి ఉంది. ఊపిరితిత్తుల్లో ఇంకేమీ మిగల్లేదు, ఇంటికి తీసుకుపొండి అని దవాఖానలో చెప్పి పంపేశారు. నాలుగింటికి బండి వస్తుంది, ఈ భూపాలపల్లి కాలనీ క్వార్టరు నుంచి మహబూబాబాద్ జిల్లాలో గూడూరు దాటి ఉన్న ఆయన తండాకు, ఇక తిరిగి రావడానికి కాదు. పోయే ముందు గడ్డం తీయించుకోవాలి, అదీ కత్తితో, అదీ ఐలేశ్ చేత్తో, కరెంటు మిషిను ముట్టనివ్వను అని పట్టుబట్టాడు ముసలాయన. కాలిలో రక్తం గడ్డకట్టిందని దాన్ని పలచబరిచే గోలీలు వేస్తున్నారు, చిన్న గాటు పడినా రక్తం ఆగదు, భద్రం కాకా అని కొడుకు బలరాం ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. ఐలేశ్‌కు తెలియదా భద్రం సంగతి. బలరాంకు తెలియనిది, ఈ ఊళ్లో ఎవరికీ తెలియనిది ఒకటుంది, ఎనిమిది నెలలుగా ఐలేశ్ కుడిచెయ్యి వణుకుతోంది. ఇప్పుడు కూడా వణుకుతోంది, బ్రష్షు గిన్నెలో తిరుగుతోంది కాబట్టి ఎవరికీ కనపడటం లేదు.

నీళ్లు మంచివి, అందుకే ఇంత నురగ, అని సర్దిచెప్పుకున్నాడు. బలరాం భార్య పూజ తాగే డబ్బా నీళ్లే కాచి ఇచ్చింది, అట్లాంటి నీళ్లకు ఏ సబ్బైనా నురగ కక్కుతుంది, జనగామలో అయితే తెలిసేది దీని బడాయి. నర్మెట్ట నుంచి వచ్చి జనగామ రైల్వే గేటు పక్కన మేనమామ మొండయ్య దుకాణంలో చేరిన రోజుల్లో బోరు నీళ్లు ఎట్లా ఉండేవంటే, సబ్బు కలిపితే నురగ రాదు, తెల్లటి తుక్కు తేలుతుంది, విరిగిన పాలే నయం. వానాకాలంలో మామ చూరు కింద కుండలు వరసగా పెట్టి వాననీళ్లు పట్టుకునేవాడు, పెద్దమనుషుల గడ్డాలకు అవి, మిగతావాళ్లకు బోరు నీళ్లు. ఎవరైనా పట్నం నుంచి కొత్త సబ్బు తెచ్చి దీంతో గియ్యి మొండయ్యా, దీని ఇజ్జతే వేరు అంటే తలూపి పక్కన పెట్టి తన సబ్బుతోనే గీసేవాడు, తేడా కనిపెట్టినవాడు ఒక్కడూ లేడు. ఆ మనిషికి చివర్లో రెండు కళ్లకూ పొర కమ్మింది, అయినా రెండేళ్లు కత్తి దించలేదు. "సబ్బుల ఏం లేదురా ఐలేశా, చెవుల ఉన్నది పని. నురగ కింద ఏమున్నదో కండ్లకు కనవడది. కత్తి సప్పుడు ఇను, అది చెప్తది" అనేవాడు. మెత్తటి చెంప మీద ఒక చప్పుడు, దవడ ఎముక దగ్గర ఒక చప్పుడు, మీసం కింద ఇంకొకటి, చప్పుడు ఆగిందంటే కత్తి వెంట్రుకను వదిలి తోలు మీదికి తిరిగినట్టు. మామ పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఐలేశ్ చెవిలో ఆ మాట ఇంకా ఉంది, ఈ మధ్య మరీ ఎక్కువగా ఉంది.

సబ్బుకు ఇంత కథ ఉంటుందని మాత్రం మామకు తెలియకుండానే పోయింది. బలరాం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు, ఎనిమిది గంటలు దుమ్ములో ఉండి ఇంటికొచ్చి అద్దం ముందు గంటసేపు గడ్డం గీసుకుంటాడు, వాడికి సినిమా అదే, మందు అదే. ఫోన్లో ఒక గ్రూపు ఉందట, వకీళ్లు, బ్యాంకు మేనేజర్లు, ఎక్కడెక్కడి మగవాళ్లో చేరి సబ్బుల గురించి మాట్లాడుకుంటారట, ఫలానాది ఎంతసేపు నిలిచింది, ఫలానాది చెంప మీద ఎట్లా జారింది అని, ఫొటోలు కూడా పెట్టుకుంటారట, పెళ్లిచూపులకు పంపే ఫొటోలకు కూడా అంత ముస్తాబు ఉండదు. అందులో అందరూ కలవరించేది, ఎవరికీ దొరకనిది ఇదే. నీలగిరి కొండల్లో ఎక్కడో మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉడకబెడతారట, ఏడాదికి మూడుసార్లు, నూట యాభై డబ్బాలు, అమ్మకం తెరిచిన నాలుగు నిమిషాల్లో ఖతం. డ్యూటీలో ఫోను ముట్టనివ్వరు కాబట్టి బలరాం రెండు తడవలు పోగొట్టుకున్నాడు, మూడోసారి పూజను బతిమాలితే ఆ పిల్ల పప్పుకు పోపు పెడుతూ ఒక వేలితో నొక్కేసరికి దొరికింది. మేక కొవ్వుతో చేస్తారని విని అమర్‌సింగ్, అప్పటికింకా నవ్వడానికి ఊపిరి ఉన్న రోజులు, "మేక కొవ్వు కూరల ఏసుకుంటరు గని మూతికి పూసుకుంటరారా" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఇంత చేసి బలరాం దాన్ని ఐదు నెలలు బీరువాలో చీరల కింద దాచాడు, మూత కూడా తీయలేదు. ఎందుకురా అంటే ఏదో చెప్పి తప్పించుకునేవాడు, మొన్న డబ్బా తెచ్చి దుకాణంలో చేతిలో పెట్టినప్పుడు మాత్రం అసలు సంగతి చెప్పాడు. "తీసి చూస్తె మామూలు సబ్బే అయితదేమో అని భయం కాకా. నువ్వు చూడు. వాళ్లు రాసేది నిజమా, ఉత్తదా, నీ చేతికి తెలుస్తది. బాపుకు దీంతోటే చెయ్యి." నీ చేతికి తెలుస్తది అన్నాడు. ఆ చేతిని ఐలేశ్ అప్పుడు తువ్వాల కింద దాచుకుని ఉన్నాడు.

మొదట బొటనవేలు ఒక్కటే, ఏదో అలసట అనుకున్నాడు, తర్వాత మణికట్టు, తర్వాత ఎత్తిన ప్రతిదీ, చాయ్ గ్లాసు, తాళంచెవి, దువ్వెన. హనుమకొండలో ఒక డాక్టరు నరాలు అన్నాడు, ఇంకొకాయన వయసు అన్నాడు, ఇచ్చిన గోలీలు మింగితే పట్టపగలు తూగు వస్తోందని మానేశాడు. గడ్డాల కాలం వచ్చి తన పరువు కాపాడింది, పిల్లలందరూ ఇప్పుడు గడ్డం పెంచుకుని దాని అంచులు సవరించమంటారు, మిషిను చేత్తో పట్టుకుంటే దాని వణుకులో తన వణుకు కలిసిపోతుంది. కత్తి పెట్టమనే పాత గిరాకీలకు బ్లేడ్లు అయిపోయినయి రేపు రాండ్రి అని చెప్పీ చెప్పీ, వాళ్లు బస్టాండ్ దగ్గర కొత్త దుకాణానికి అలవాటు పడ్డారు, దారిలో ఎదురైతే తల తిప్పుకుని పోతున్నారు. భార్య వనజ ఏమీ అడగలేదు, ఒకరోజు నుంచి గ్లాసులో చాయ్ సగమే పోయడం మొదలుపెట్టింది, అది చూసి ఐలేశ్ ఆ సగం చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు, ఆమె మీద కాదు కోపం, ఎవరి మీదో తెలియదు. కులవృత్తి అంటారు, కులం ఉంటుంది, ఎక్కడికి పోతుంది, వృత్తి ఒక్కటే పోతుంది, చెయ్యి పోయినరోజు. చాయ్ వదిలి లేచిన ఆ రాత్రంతా పడిన భయం ఇంకెవరికీ చెప్పుకునేది కాదు. అట్లాంటి సమయంలో బలరాం ఫోను తీసి గ్రూపులో వాళ్లు రాసింది చదివి వినిపించాడు, పొంగి పొర్లిన పొగడ్తలన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలాడు గానీ ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాడు, కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో కూడా తెగదు, అని ఎవరో రాశాడు. మరి వణికే చేతిలో, అని అడగాలనిపించింది.

ఈరోజు మంగళవారం, మంగళవారం కత్తి పట్టరు, ఊళ్లో అన్ని దుకాణాలూ మూతే. అయినా పొద్దున్నే పోయి షట్టరు సగం దించి, దీపం వేసి, అద్దం ముందు తన చెంపకే పూసుకుని చూశాడు. చెయ్యి వణికింది, కత్తి గంతులు వేసింది, తెగలేదు. మళ్లీ పూసుకుని కింది నుంచి పైకి ఎదురు గీత గీశాడు, ఎనిమిది నెలల్లో ఆ ధైర్యం చేయలేదు, అయినా తెగలేదు. చప్పుడు కూడా రాలేదు, అది గమనించకపోలేదు, కరకర లేదు, సరసర లేదు, కత్తి ఉందో లేదో తెలియడం లేదు, మామ మాట ఒకసారి అడ్డం వచ్చింది, దాన్ని పక్కకు నెట్టేశాడు, చచ్చిపోయినవాడికి కొత్త సబ్బుల సంగతి ఏం తెలుసు. గిరాకీలు కూర్చునే కుర్చీలో కూలబడి ఏడ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి సబ్బు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడవడం ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అని ఏడుస్తూనే షట్టరు వంక చూశాడు. ఆశ పుట్టింది మరి, ఆశ పుడితే మనిషికి సిగ్గు ఎక్కడుంటుంది.

అమర్‌సింగ్ మొహం కాకుండా ఇంకో మొహమైతే ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాడు. భూపాలపల్లికి రేకు పెట్టె పట్టుకుని వచ్చిన మొదటిరోజు గని బయట రాయి మీద గంటలు గంటలు కూర్చుంటే షిఫ్టు దిగినవాళ్లు చూసుకుంటూ పోతున్నారే గానీ కొత్తవాడి కత్తికి మెడ ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు. నల్లగా మసిబారిన మొహంతో అమర్‌సింగ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "నీకు పని వచ్చునో రాదో నా మొఖం మీదనే తెలుస్తది, కానియ్యి" అన్నాడు. తర్వాత బ్యారక్ అంతా తిరిగి చెంపలు చూపించుకుని వచ్చాడు, మరునాటికి వరస కట్టారు. ఆయన తండ్రి బావి తవ్వుతుంటే మట్టి కూలి పోయాడు, కొడుకు చేత భూమి లోపలికి దిగనని తల్లి ఒట్టు వేయించుకుంది, ఈయనేమో గనిలో చేరి ఆఫీసులో హాజరు రాసే పని అని తండాలో చెప్పాడు. ఆ అబద్ధాన్ని కాపాడింది ఐలేశ్. తండాకు పోయే ముందురోజు వచ్చి కూర్చునేవాడు, నున్నగా గీసి, దూదికి కొబ్బరినూనె ముంచి కనురెప్పల అంచుల్లో, చెవుల మడతల్లో, ముక్కు పక్కన ఇరుక్కున్న బొగ్గంతా తుడిచి పంపేవాడు, ఇరవై ఆరేళ్లు, ఒక్కసారి తప్పకుండా. కొడుకు కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడని నమ్మే పోయింది తల్లి. మొహం మీది బొగ్గు అట్లా తుడిచారు ఇద్దరూ కలిసి, లోపలికి పోయిన బొగ్గు సంగతి ఎవరికీ పట్టలేదు. తల్లి లేకపోయినా గడ్డంతో తండాలో అడుగు పెట్టింది లేదు, ఇవాళ అసలే పెట్టడు. ఈ మొహం మీద గాటు పెట్టి, రక్తం కారుతుంటే గుడ్డ అదిమిపెట్టి బండి ఎక్కించడం, దారిలో ఘనపూర్ దగ్గరో ములుగు దగ్గరో ఆగని రక్తంతో మళ్లీ దవాఖాన వెతుక్కోవడం, ఆ ఊహకే ఐలేశ్ కత్తిలో బ్లేడు తీసి ఇంకో కొత్తది బిగించాడు.

వేడినీళ్లలో తువ్వాల పిండి మొహానికి చుట్టాడు. తీసేసరికి అమర్‌సింగ్ కళ్లు తెరిచి చూస్తున్నాడు.

"మంగళారం గద... పట్టినవా కత్తి?"

"నీ కోసం పట్టిన అన్నా."

"పాపం ఏమన్న ఉంటె... నా మీద రాయి" అన్నాడు అమర్‌సింగ్, నాలుగు మాటలకు నాలుగుసార్లు ఆగి. పెదవి కొద్దిగా వంగింది, నవ్వే అయి ఉంటుంది.

"ఈ గొట్టం ఉంటె చెంపలకు ఎట్ల బలరాం?"

"అన్నం పెట్టెటప్పుడు తీస్తనే ఉన్నం కాకా. ఐదు నిమిషాలకు ఏం కాదు. ఎక్కువ చెయ్యకు."

"ఐదు నిమిషాలు చాలు నాకు" అని, గొట్టం తీశాక, "జర ఆ మిషిను గూడ బందు పెట్టు. దాని మోతల కత్తి ఇనవడ్తలేదు" అన్నాడు ఐలేశ్. బలరాం తండ్రి వంక చూశాడు. ముసలాయన వేళ్లు ఎత్తి, ఆపు ఆపు అన్నట్టు ఊపాడు, నెల రోజుల నుంచి ఆ రొదతో విసిగిపోయి ఉన్నాడు. మీట తిప్పగానే ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది, వంటింట్లో పూజ మూటలు కడుతున్న అలికిడి కూడా వినపడింది. ఇంతలో బండివాడు ఫోను చేస్తే బలరాం మాట్లాడుతూ వాకిట్లోకి పోయాడు.

నురగ పూశాడు. వానకు తడిసిన అడవి వాసన అని రాశారట గ్రూపులో, ఇంటి వెనకాలే అడవి ఉన్నవాళ్లకు ఆ వాసన డబ్బాలో కొనుక్కునే రాత, ఐలేశ్‌కు మాత్రం ఆరని బట్టల వాసన తగిలింది, అయినా బాగుంది. కత్తి కుడిచెంప మీద ఆనించాడు. వణుకు మణికట్టులో మొదలై వేళ్లలోకి దిగింది, అంచు రెండుసార్లు ఎగిరిపడింది, ప్రాణం పోయినంత పనైంది, చూస్తే చెంప మీద ఏమీ లేదు. నురగ కత్తిని మోస్తోంది. ఇంకో గీత, ఇంకో గీత, నెల రోజుల బిరుసు గడ్డం అడ్డు చెప్పకుండా వచ్చేస్తోంది, చెవి ఒగ్గి విన్నాడు, మిషిను ఆపినా చప్పుడు లేదు, అమర్‌సింగ్ గొంతులో పిల్లికూతలు మాత్రం వినపడుతున్నాయి, అవి కూడా మెల్లమెల్లగా తగ్గుతున్నాయి, హాయిగా ఉన్నట్టుంది పాపం, వెచ్చటి నురగ, మెత్తటి కత్తి, నెల రోజుల తర్వాత మొహానికి గాలి. పై పెదవి అయింది, గడ్డం కొస అయింది. ఎడమచెంప సగంలో ఉండగా తల బరువుగా ఐలేశ్ ఎడమ అరచేతిలోకి ఒరిగిపోయింది, నుదుటి ముడతలు వదులయ్యాయి, కూతలు ఆగాయి.

నిద్రపోయాడు. మొండయ్య దుకాణంలో పనితనానికి ఒకటే కొలత ఉండేది, కత్తి కింద మనిషికి నిద్ర పట్టాలి, గొంతు మీద కత్తి పెట్టించుకుని నిద్రపోయినవాడి కంటే నిన్ను నమ్మినవాడు లోకంలో లేడు అనేవాడు మామ, అట్లా ఎవరైనా పడుకుంటే దుకాణంలో మాటలు బందు, రేడియో బందు, పక్క కుర్చీవాడు దగ్గాలన్నా బయటికే పోవాలి. తన చేతి కింద మనిషి నిద్రపోయి ఎన్నాళ్లయింది, ఎనిమిది నెలలు, ఇంకా ఎక్కువే. అదీ ఎవరు, రాత్రీ పగలూ కూర్చునే ఊపిరి లాగుతూ నెల రోజులుగా కన్ను మూయని మనిషి. ఆ నీలగిరి మొగుడూ పెళ్లాలకు మనసులోనే దండం పెట్టాడు, ఎవరో ఏమో, మేక కొవ్వులో ఏం కలిపారో ఏమో, గ్రూపులో వాళ్లు రాసింది తక్కువే, వాళ్లకేం తెలుసు దీని విలువ, వాళ్ల చేతులు వణకవు కదా.

బలరాం గుమ్మంలోంచి తొంగి చూశాడు. ఐలేశ్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"నిద్రవట్టింది" అన్నాడు గుసగుసగా.

"నిజంగనా? రాత్రి గూడ కన్ను ముయ్యలే" అన్నాడు బలరాం. వాడి మొహంలో చాలా రోజులకు వెలుగు వచ్చింది. "గొట్టం పెట్టాల్నా కాకా?"

"ఇంకొక్క చెయ్యి. ఇప్పుడు ముడితె లేస్తడు. పండనియ్యి పాపం."

తలూపి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి పోయాడు బలరాం. ఎడమచెంపలో మిగిలిన సగం తీసేశాడు. ఇంకొక్క చెయ్యి అవసరమే లేదు, మొదటి చేతికే చెంప నున్నగా ఉంది, తండావాళ్లకు అంతకంటే అక్కర్లేదు, కానీ పనివాడికి ఉంటుంది కదా ఆశ, ఎదురు గీత కూడా గీసి వేలు ఎటు రాసినా తగలకుండా చేసి పంపాలి, పాత రోజుల్లోలాగా. మళ్లీ నురగ కలిపాడు, తీరిగ్గా, మంచం మీద వాలిన మనిషి బరువును అరచేత్తో మోస్తూ పూశాడు. బలరాంకు చెప్పి ఇంకో నాలుగు డబ్బాలు తెప్పించాలి, పూజ చేతే నొక్కించాలి, ఆ పిల్ల చెయ్యి మంచిది. దుకాణంలో మళ్లీ తల వెనక్కి వాల్చే గద్దె కుర్చీ వేయాలి, బస్టాండ్ దుకాణానికి పోయినవాళ్లను పిలిచి, రాండ్రి, కూసోండ్రి, నిద్రపోండ్రి అనాలి. వనజతో గ్లాసు నిండా చాయ్ పోయమనాలి. నాలుగేళ్లు గడిస్తే చాలు, ఐదేళ్లు గడిస్తే ఇంకా మంచిది, ఆ తర్వాత చెయ్యి ఎట్లా పోతే అట్లా పోనీ. ఎదురు గీతలు కూడా చప్పుడు లేకుండా సాగుతున్నాయి, కుడిచెంప, ఎడమచెంప, అమర్‌సింగ్ కదలడం లేదు, కనురెప్ప కూడా అదరడం లేదు, గురక కూడా లేదు, ఎంత గాఢమైన నిద్ర. దవడ కింద మిగిలింది. తలను కొంచెం వెనక్కి వాల్చి, తోలు లాగి పట్టుకుని, కింది నుంచి పైకి కత్తి నడిపించాడు.

చెయ్యి అదిరింది. ఇంతకుముందులా కాదు, మోచేతి దాకా, ఒక్క కుదుపు. నురగ ఈసారి మోయలేదు, అంచు దిగిన సంగతి చప్పుడు చెప్పలేదు, వేళ్లకు తెలిసింది, ఎన్నేళ్ల వేళ్లు, వాటికి తెలియకుండా ఎట్లా ఉంటుంది. అయిపోయింది అనుకున్నాడు. కత్తి మంచం మీద పడేసి, పటిక ముక్క కోసం తడుముకుని, దొరికితే జారిపోయి, మళ్లీ పట్టుకుని, తువ్వాలతో నురగ ఒక్కసారిగా తుడిచేశాడు. గాటు ఉంది. బియ్యపు గింజ కంటే పొడుగు, లోతుగానే ఉంది, అంచులు విడిపోయి లోపల తెల్లగా కనపడుతోంది. ఇప్పుడు ఎర్రబడుతుంది, ఇప్పుడు ఉబుకుతుంది, పలచబడిన రక్తం కదా, ధార కడుతుంది, పటిక అదిమిపట్టి ఎదురుచూశాడు. పటిక తీశాడు. గాటు తెల్లగానే ఉంది. ఇంకా ఎదురుచూశాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అది కూడా సబ్బు గొప్పతనమే అనుకున్నాడు, తెగినా రక్తం రానివ్వని సబ్బు అనుకున్నాడు, ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని ఇక బతికున్నన్నాళ్లు ఎవరితోనూ చెప్పుకోలేడు. తర్వాత అరచేతిలో ఉన్న తల బరువు తెలిసింది. ఎప్పటి నుంచి ఇంత బరువుగా ఉంది ఈ తల. ఎడమచెంప సగంలో ఉన్నప్పటి నుంచి. కూతలు ఎప్పుడు ఆగాయి. ఐదు నిమిషాలు ఎప్పుడు దాటింది, పది ఎప్పుడు దాటింది. బలరాం గొట్టం పెట్టాల్నా అని అడిగినప్పుడు, అప్పటికి ఉన్నాడా, అప్పటికి ఇంకా ఉన్నాడా. వద్దు అన్నది ఎవరు.

మణికట్టు పట్టుకున్నాడు. తన వేళ్లే కొట్టుకుంటున్నాయి, కింద ఏమైనా కొట్టుకుంటోందో లేదో వాటి గోలలో తెలియడం లేదు. ఇంకో చోట పట్టుకున్నాడు, మెడ మీద వేళ్లు పెట్టాడు, అక్కడా తన వణుకే తనకు తగులుతోంది. మొహం నున్నగా, శుభ్రంగా, ముప్పై ఏళ్ల కింద తండాకు పంపిన రోజుల్లోలాగా ఉంది.

వాకిట్లో బండి హారను మోగింది. బలరాం గుమ్మం దగ్గరికి వచ్చి, తండ్రి ఎక్కడ లేస్తాడో అని మునివేళ్ల మీద నిలబడి, ఆ శుభ్రమైన మొహం చూసి సంబరపడ్డాడు.

"ఎంత మంచిగ చేసినవ్ కాకా" అన్నాడు మెల్లగా. "సబ్బు ఎట్లున్నది మరి? వాళ్లు రాసినట్టే ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా" అన్నాడు ఐలేశ్. "జర ఇటు రా. బాపు నాడి చూడు."

"ఎందుకు, పండనియ్యి అన్నవ్ గద."

"నువ్వు చూడు బలరాం. నాకు దొరుకుతలేదు. నా చెయ్యి వణుకుతది బిడ్డా, ఎనిమిది నెలల సంది వణుకుతది, ఎవలకు చెప్పలే. నువ్వు పట్టి చూడు."

బలరాం ఆ చేతి వంక చూశాడు, తండ్రి వంక చూశాడు, ఒక్క ఉదుటున వచ్చి ముందు మిషిను మీట వేశాడు.